ప్రమాణము, దండము, ధర్మము

రాజ్యము వేఱు, మతము వేఱు అను మాట నేడు సభలయందును పత్రికలయందును తఱచుగా వినబడుచున్నది. ఇది పాశ్చాత్య దేశములనుండి వచ్చిన క్రొత్త మాటయనియు, మన పూర్వులెన్నడు నెఱుగనిదనియు కొందఱు త్రోసివేయుదురు. మతమును రాజ్యమునుండి తొలగించినచో జనులకు నీతి యెక్కడినుండి వచ్చునని మఱికొందఱు భయపడుదురు. అమెరికావారు 1791లో తమ రాజ్యాంగమునకు చేసికొనిన మొదటి సవరణను, ఫ్రాన్సువారు 1905లో చేసిన శాసనమును ఒకరు చూపుదురు. మనుధర్మమును ఇంకొకరు చూపుదురు. చిత్రమేమనగా, ఈ యిరు తెగలవారును తిరుమల కొండనుగాని కాణిపాకపు కోనేటినిగాని ఒక్కమాఱైనను తలపరు. ఈ ప్రశ్న మన సీమలో గ్రంథములయందు కాక, ఆలయపు హుండీ యెదుటను కోర్టు బోనునందును రెండు వందల యేండ్లకు పైగా నలుగుచు వచ్చినది. 2022లో తిరుపతి వేఱు జిల్లా యైనను చరిత్రకు ఆ పొలిమేర లేదు. పలమనేరున కూడు కులబాంధవులకు ఈ కథ తెలిసియుండుట మేలని తోచి వ్రాయుచున్నాము.

మొదట ఒక శాసనమును గూర్చి చెప్పవలెను. 1368వ సంవత్సరమున విజయనగరపు బుక్కరాయల యెదుటకు ఒక తగవు వచ్చెను. ఆనెగొంది, పెనుగొండ మున్నగు పట్టణముల జైనులు శ్రీవైష్ణవులవలన తమకు అన్యాయము జరుగుచున్నదని మొఱపెట్టుకొనిరి. జైనులు ఆనాటికి సంఖ్యలో కొలదివారు, శ్రీవైష్ణవులు బలవంతులు. రాజు వైష్ణవ దర్శనమునకును జైన దర్శనమునకును భేదము లేదని పలికి, జైనుల చేతిని శ్రీవైష్ణవుల చేతిలో పెట్టి, వీరి హాని వృద్ధులు మీ హాని వృద్ధులుగా చూచుకొనుడని కట్టడ చేసెను. ఇంటికి ఏటికొక హణము జైనులిచ్చునట్లును, ఆ ధనముతో తిరుమల తాతయ్య శ్రవణబెళగొళమున ఇరువదిమంది కావలివారిని నిలుపునట్లును, మిగిలిన సొమ్ముతో శిథిల జినాలయములకు సున్నము కొట్టించునట్లును నిర్ణయమాయెను. ఈ శాసనము శ్రవణబెళగొళమున నేటికిని నిలిచియున్నది.

దీనిని మేము పలుమాఱులు తలపోసితిమి. రాజు ఇచట ఏ దర్శనము సత్యమో తీర్పు చెప్పలేదు. జైనుని వైష్ణవుని చేయలేదు, వైష్ణవుని మందలింపను లేదు. కావలి యెవరు కాయవలెను, జీతమెవరీయవలెను, మిగులు దేనికి పోవలెను అని లెక్క తేల్చెను. పైగా జైన క్షేత్రపు కావలిని తిరుమల ఆచార్యుని చేతిలోనే పెట్టెను. బలవంతుని చేతనే బలహీనుని కాపాడించుటకు ఇంతకంటె నేర్పైన ఉపాయము మేమెఱుగము. ఈ రాజు తన దైవమును వదలినవాడు కాడు. మతము లేని రాజ్యము వేఱు, మతముల నడుమ పక్షము లేని రాజ్యము వేఱు. మన దేశమునకు రెండవదానితోనే పాత పరిచయము.

శ్రీకృష్ణదేవరాయలు 1513 మొదలు 1521 వఱకు ఏడు పర్యాయములు తిరుమలకు వచ్చి కిరీటములు, ఆభరణములు, గ్రామములు సమర్పించెను. అంతటి చక్రవర్తి కాలమునను ఆలయపు పనులు స్థానత్తారులను వారి సభచేత నడుచుచుండెనని తిరుమల శాసనములే చెప్పుచున్నవి. దాత రాజే కావచ్చును. ఒడంబడిక వ్రాసి యిచ్చువారు స్థానత్తారులు. రాజు ఇచ్చిన పొలమునకు రాజే లెక్క వ్రాయలేదు.

ఆ యేర్పాటు విజయనగరముతోనే చెదరినది. ఆర్కాటు నవాబుల కాలమున తిరుమల ఆదాయము దొరతనపు రాబడిలో ఒక పద్దు అయ్యెను. పదునెనిమిదవ శతాబ్ది నడుమ నవాబు తన యుద్ధపు అప్పులకు ఆ రాబడిని ఇంగ్లీషు కుంఫిణీకి తాకట్టు పెట్టెను. భక్తుడు ముడుపు కట్టి హుండీలో వేసిన కాసు ఫిరంగి మందుగుండుకు పోయినదన్నమాట. 1801లో కర్ణాటక రాజ్యమంతయు కుంఫిణీ వశమైనప్పుడు గుడియును దానితో కూడ వచ్చెను. 1803లో స్ట్రాటన్ దొర ఆలయపు సేవలు, ఆదాయములు, ఉద్యోగులు, వారి హక్కులు అన్నిటిని గూర్చి నివేదిక వ్రాసి పంపెను. 1817వ సంవత్సరపు ఏడవ రెగ్యులేషను దేవాలయముల మాన్యములమీద విచారణను రెవెన్యూ బోర్డునకు అప్పగించెను. 1821లో బ్రూసు దొర నలుబది రెండు నిబంధనలతో ఒక కట్టడ యేర్పఱచెను. దానిని నేటికిని బ్రూసు కోడు అందురు. నైవేద్యమునకు ఎంత బియ్యము, ఎంత నెయ్యి అను దిట్టములు సైతము కచేరీ కాగితములకెక్కినవి. దేవుని యందు నమ్మకము లేని దొర దేవుని వంటశాల లెక్కను తప్పులేకుండ చూచెను! ఇందులో నవ్వవలసినది కొంత కలదు, నేర్చుకొనవలసినది అంతకంటె ఎక్కువ కలదు.

ఆ దొరలు తుదకు చేయి విడిచిరి. ఎందువలన? మన మతమునకు స్వేచ్ఛ నీయవలెనని కాదు. క్రైస్తవ దొరతనము విగ్రహారాధనకు తోడ్పడుట పాపమని మిషనరీలును, ఇంగ్లండులోని భక్తజనులును గోల చేసిరి. మద్రాసు సైన్యాధిపతియైన సర్ పెరిగ్రీన్ మెయిట్లండు, ఉత్సవములయందు సిపాయిలు మర్యాదలు జరుపుట తన మనస్సాక్షికి విరుద్ధమని 1838లో ఉద్యోగము వదలుకొనెను. ఆయన నిజాయితీని మేము శంకింపము. ఉద్యోగము విడుచుట సులువు కాదు. అయినను 1843లో జరిగినది రాజ్యము మతమునుండి వేఱగుట కాదని మా యభిప్రాయము. ఒక మతపు దొరలు తమ మతపు గౌరవార్థము వేఱొక మతపు గుడినుండి తప్పుకొనిరి, అంతియే. ఆ యేట ఆలయాధికారము హాథీరాంజీ మఠపు మహంతు సేవాదాసుగారికి విచారణకర్తగా సంక్రమించెను. అటుపై 1933 వఱకు ఆఱుగురు మహంతులు తొంబది యేండ్లు పాలించిరి.

ఈ తొంబది యేండ్లను గూర్చి పెద్దలు రెండు విధములుగా చెప్పుదురు. హిందువుల ఆలయము హిందువుల చేతికి వచ్చినదని సంతసించువారు కలరు. లెక్క అడుగువాడు లేక ధనమెట్లు పోయినదో తెలియదని వాపోవువారును కలరు. కోర్టులలో వ్యాజ్యములు పెరిగినవనుట మాత్రము నిజము. 1863వ సంవత్సరపు ఇరువదవ చట్టము రెవెన్యూ బోర్డును ఆలయముల విచారణనుండి పూర్తిగా తప్పించి, స్థానిక సంఘములకు అప్పగించి, తప్పు జరిగినచో కోర్టుకు పొండని చెప్పినది. పల్లెలోని గుడి కొఱకు కోర్టు ఖర్చు పెట్టుకొనువాడెవడు? దేవుని మాన్యము ధర్మకర్త బంధువుల పొలములో కలిసిన యూళ్లు ఈ సీమలో ఎన్ని లేవు? చదువరులు తమ తమ యూళ్లను తలచుకొన్న చాలును.

ఈ స్థితిని మార్చబూనినవాడు మన సీమవాడే. కాళహస్తిలో 1866లో జన్మించిన పానుగంటి రామరాయణింగారు, పానగల్లు రాజాగారని ప్రఖ్యాతులు, మద్రాసు రాజధానికి ప్రధానమంత్రియై 1922లో హిందూ దేవాదాయ బిల్లును శాసనసభలో ప్రవేశపెట్టిరి. మఠాధిపతులు పలువురు మతమునందు దొరతనపు జోక్యమని ఎదిరించిరి. ఆ ఎదురింపునకు కారణము లేకపోలేదు. కాని విచారించినచో, బిల్లు తాకినది పూజను కాదు, పద్దును. అది 1925లో మొదటి చట్టమై, మరల 1927లో రెండవ చట్టముగా మార్చబడెను. తిరుమలకు ప్రత్యేక చట్టము చేయబడి 1933లో దేవస్థాన పాలక సంఘము వచ్చెను. స్వాతంత్ర్యానంతరము 1951లో మద్రాసు ప్రభుత్వము మఱియొక చట్టము చేయగా, శిరూరు మఠాధిపతి దానిని ఎదిరించెను. 1954లో సుప్రీంకోర్టు ఆ తగవునందు ఒక గీత గీచినది: ఆచారమునందు ఏది ముఖ్యమో నిర్ణయించుకొను స్వేచ్ఛ ఆ మతశాఖదే, ఆస్తి పాలన మాత్రము చట్టమునకు లోబడవలెను. ఆ గీత ఎచట పడవలెనను వివాదము నేటికిని తెగలేదు. 1987 నాటి ఆంధ్ర చట్టము అర్చకుల మిరాసీలను తొలగించినప్పుడు మరల లేచి, 1996లో సుప్రీంకోర్టు ఆ తొలగింపును సమర్థించువఱకు పోయినది. 1976లో రాజ్యాంగ పీఠికయందు చేర్చిన మాటను గూర్చి వాదములాడువారు ఈ హుండీ చరిత్రను ఒకమాఱు చదువవలెను.

ఇంతవఱకు గుడిని గూర్చి. ఇక నీతిని గూర్చి.

పలమనేరునుండి మొగిలి ఘాటు దిగి చిత్తూరు దారి పట్టి పోయినచో కాణిపాకము దూరము కాదు. అచటి వరసిద్ధి వినాయకుడు ప్రమాణముల దేవుడు. అప్పు తీర్చితినని ఒకడును తీర్చలేదని యొకడును అన్నప్పుడు, నిందపడినవాడు కోనేట మునిగి సన్నిధియందు సత్యము చేయును. అంతటితో తగవు ముగియును. మన తాతలు దీనిని కోర్టుకంటె ఎక్కువగా నమ్మిరి. కోర్టులో అబద్ధమాడినవాడు కాణిపాకమున ఆడడని సామెతవలె చెప్పుకొనెడివారు.

దీనిని మూఢనమ్మకమని కొట్టివేయుట మాకు సమ్మతము కాదు. దొరతనమే దానిని చాలకాలము గౌరవించినది. హిందువులచేత గంగాజలము పట్టించియు మహమ్మదీయులచేత ఖురాను పట్టించియు చేయించు ప్రమాణములను 1840 నాటి చట్టము మాన్పించి, సత్యము చెప్పెదనను ప్రతిజ్ఞను నిలిపెను. కాని 1873 నాటి ప్రమాణముల చట్టము పాతదానికి మరల ఒక కిటికీ తెఱచినది. ఎదిరి కక్షిదారుడు తన జాతిలో కట్టుబాటుగల ఫలానా ప్రమాణము చేసినయెడల నేను దానికి బద్ధుడనని ఒకడు ఒప్పుకొన్నచో, న్యాయాధిపతి ఆ ప్రమాణమును చేయించవచ్చును. దానిమీద చెప్పిన మాట ఒప్పుకొన్నవానిపట్ల తిరుగులేని సాక్ష్యమగును. అనగా కాణిపాకమువంటి సన్నిధి కోర్టునకు అంగమగుటకు చట్టమే దారి యిచ్చెను. న్యాయకమిషను 1964లో ఈ చట్టమును పునర్విమర్శ చేసిన పిమ్మట, 1969 నాటి క్రొత్త చట్టము ఆ సెక్షనులను తీసివేసినది. నేడు సాక్షి దైవసాక్షిగా చెప్పవచ్చును, మనఃపూర్వక ప్రతిజ్ఞగా చెప్పవచ్చును. రెండింటికిని విలువ యొక్కటే. మంత్రులు పదవి స్వీకరించునప్పుడును రాజ్యాంగపు మూడవ షెడ్యూలు ఈ రెండు దారులను ఇచ్చుచున్నది.

ఇక్కడ శాస్త్రమేమి చెప్పుచున్నదో చూడవలెను. శాస్త్రము పేరు చెప్పి ప్రమాణమును ముందునకు తెచ్చువారు యాజ్ఞవల్క్య స్మృతి వ్యవహారాధ్యాయమును చదివినట్లు తోచదు. పత్రము, అనుభవము, సాక్షులు అని మూడు మానుష ప్రమాణములను ముందు చెప్పి, వీనిలో ఒక్కటియు లేనప్పుడే దివ్యమునకు పోవలెనని ఆ స్మృతి విధించినది. తుల, అగ్ని, జలము, విషము, కోశము అని దివ్యములైదు. కాణిపాకపు ప్రమాణము వీనిలో కోశమునకు చుట్టమువంటిది. దేవతాస్నానజలము త్రాగిన వానికి పదునాలుగు దినములలో కీడు రాకున్న వాడు శుద్ధుడని అందలి నియమము. కాగితముండగా దేవుని సాక్ష్యమునకు పిలుచుట శాస్త్రసమ్మతము కాదు. దేవుడు లెక్కల గుమాస్తా కాడు.

ధర్మమునకు మూలములు నాలుగని మనువు రెండవ అధ్యాయమున చెప్పెను: శ్రుతి, స్మృతి, సదాచారము, ఆత్మకు ప్రియమైనది. ఇందులో రాజు లేడని గమనింపవలెను. రాజునకు దండమున్నది, ధర్మమును పుట్టించు పని లేదు. కౌటిల్యుడు వ్యవహారమున రాజశాసనమును పై మెట్టున నిలిపెను. అది తగవు తెగుటకు చెప్పిన మాట, మంచి యెచట పుట్టునను ప్రశ్నకు జవాబు కాదు. ఈ రెంటిని కలుపుటవలన సగము గందరగోళము కలుగుచున్నది.

కాణిపాకమున ప్రవహించు బాహుదా నది పేరే ఒక కథకు గుఱుతు. భారత శాంతిపర్వమున వ్యాసుడు ధర్మరాజునకు చెప్పిన శంఖలిఖితుల కథ యది. ఆ నది యిదియేనని మన సీమవారి నమ్మకము. లిఖితుడు అన్నగారి ఆశ్రమమునకు పోయి, ఆయన లేని సమయమున పండ్లు కోసి తినెను. అన్న వచ్చి, అడుగక తిన్నది దొంగతనము, పోయి రాజుచేత దండన పొందుమని చెప్పెను. లిఖితుడు వాదింపక సుద్యుమ్న మహారాజు కడకు పోయెను. దండించుటకు అధికారమున్న రాజునకు క్షమించుటకును అధికారము కలదు గదా యని రాజనెను. లిఖితుడు ఒప్పుకొనలేదు. చేతులు నఱకబడినవి. తిరిగి వచ్చిన తమ్ముని అన్న బాహుదలో మునిగి తర్పణము విడువుమనగా, చేతులు మరల మొలచినవి. ఇంత తపశ్శక్తి గలవాడవు నన్ను ముందే ఏల శుద్ధుని చేయవైతివని తమ్ముడడిగెను. నేను నీకు దండధరుడను కానని అన్న బదులు చెప్పెను.

పండ్లకు చేతులు నఱకుట నేటి మనస్సునకు ఘోరముగా తోచును, తోచవలసినదే. కాని కథలోని యేర్పాటును చూడుడు. తప్పును తప్పని చెప్పినవాడు ఒకడు, దండించినవాడు వేఱొకడు. తపస్వి దండమును చేతబట్టలేదు, రాజు తపస్సు జోలికి పోలేదు. ఇంతకును లిఖితునకు నీతి యెచటినుండి వచ్చినది? రాజునుండి కాదు, రాజు విడిచిపెట్టుటకు సిద్ధముగా నుండెను. భయమునుండి కాదు, చూచినవాడు లేడు. తాను గౌరవించు అన్న ఒక్క మాట చెప్పగా, ఆ మాట నిజమని లోపల ఒకటి ఒప్పుకొన్నది. ఆత్మకు ప్రియమైనదను నాలుగవ మూలము ఇదియేనని మేము తలంతుము.

దైవమును నమ్మనివారికి ఈ నాలుగవ మూలము లేదా? రాయలసీమలోనే, కర్నూలు సీమ యెఱ్ఱగుడి బండలమీద అశోకుడు చెక్కించిన ధర్మలిపులున్నవి. తల్లిదండ్రుల సేవ, సేవకులయెడ దయ, ప్రాణులయెడ అహింస, పరమత గౌరవము అందలి విషయములు. ఫలానా దేవుని కొలువుడని అందు లేదు. మన కాలమునకు దగ్గఱగా, గోరాగారు 1940లో కృష్ణాజిల్లా ముదునూరున నాస్తిక కేంద్రమును స్థాపించి, అస్పృశ్యతను ఎదిరించి సహపంక్తి భోజనములు నడిపిరి. మేము నాస్తికులము కాము. సంధ్యవార్చనిదే అన్నము ముట్టము. కాని ఆ నాస్తికుడు చేసిన పనిని, దేవుని పేర సాటి మనుష్యుని వాకిట నిలిపిన ఆస్తికుల పనితో ప్రక్క ప్రక్కన పెట్టి చూచినప్పుడు, నీతి దైవభక్తులకే దత్తమైనదని వాదించుటకు మాకు నోరు రాదు. బడిపంతులుగా గడపిన యేండ్లలో మేము నేర్చినది వేఱొకటి కలదు: పలక పగిలినప్పుడు "అమ్మతోడు, నేను కాదు" అని అందఱికంటె ముందుగా అరచిన పిల్లవాని చేతులనే మేము ముందుగా చూచెడివారము.

మన సంఘమున ఇపుడొక మాట నడుచుచున్నది. విద్యార్థి వసతి గృహపు నిధి విషయమున వచ్చిన తగవును కాణిపాకమున ప్రమాణము చేయించి తేల్చుకొందమనియు, చేయనివానిని సంఘమునుండి తొలగింతమనియు కొందఱు పెద్దలు తీర్మానము తెత్తురట. వారి సదుద్దేశమును మేము కాదనము. తగవు ఇంటిలోనే తీఱవలెనని వారి కోరిక. కాని వసతి గృహమునకు రసీదులున్నవి, బ్యాంకు పుస్తకమున్నది, చందా యిచ్చిన దాతలు బ్రతికియున్నారు. పత్రమును సాక్షులును ఉండగా దివ్యమునకు పోరాదని పైన చూచితిమి. ప్రమాణము చేసినవాడు దోషియైనచో దేవుడు చూచుకొనునని ఊరకుందమా? అంతలో పిల్లల అన్నము మాటయేమి? చేయనివాడు దేవునియందు భయభక్తుల చేతనే సన్నిధిని తగవులోనికి లాగనొల్లనివాడైనచో, వానిని వెలివేయుట ఏ స్మృతిలో ఉన్నది? పూర్వము మన కులపంచాయతీలు ఒట్టు పెట్టుకొననందుకు బంతిలో కూర్చుండనీయని దినములు కొందఱు వృద్ధులకు ఇంకను జ్ఞాపకమున్నవి. అందు నష్టపడినవారు తఱచుగా ధనవంతులు కారు.

కావున మేము సభవారికి చేయు మనవి యిది. బయటి లెక్కపరిశోధకుని ఒకనిని నియమింపుడు. అతడు మన కులమువాడు కానక్కఱలేదు, కాకున్న మఱింత మంచిది. బ్రూసు దొర వేంకటేశ్వరుని భక్తుడు కాకపోయినను ఆయన కట్టడ తరువాతివారికి పనికివచ్చినది గదా. పద్దులు సభలో చదివింపుడు. ప్రమాణము చేయగోరువారిని ఎవరును ఆపనక్కఱలేదు, చేయనివారిని ఎవరును అడుగనక్కఱలేదు. మొగిలి ఘాటు దారి అందఱికిని తెఱచియే యున్నది. జమాఖర్చుల పుస్తకము రెండవనాటి ఉదయము భోజనములకు ముందు బల్లమీద ఉంచబడునని కార్యదర్శులు తెలియజేసినారు. కన్నడకముల వారు వెంట తెచ్చుకొనవలెను, అంకెలు చిన్నవి.